చిన్నమెదడులో చారలు: స్కానింగ్ ఫిల్ముతో పూర్తికాని నిర్ధారణ

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఎవరికైనా తలనొప్పి నెలల తరబడి వదలక, పొద్దున లేవగానే వాంతులవుతూ, నడకలో తూలుడు కూడా కనిపిస్తే వైద్యం చాలావరకు ఒకే దారిన సాగుతుంది. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు గ్యాస్ అనో పైత్యం అనో మాత్రలిస్తాడు. తర్వాత కళ్లద్దాలు మారతాయి. ఒళ్లు వెచ్చబడితే మలేరియా పరీక్ష జరుగుతుంది. ఇవేవీ పనిచేయనప్పుడు బరంపురమో విశాఖపట్నమో రైలెక్కి, అక్కడ తలకు స్కానింగ్ తీయిస్తారు. అందులో బయటపడేది ఎక్కువమందిలో క్షయ గడ్డో, బద్దెపురుగు తిత్తో, ఒంట్లో మరోచోటి నుంచి పాకిన క్యాన్సరో అవుతుంది. ఎంతో అరుదుగా మాత్రం చిన్నమెదడులో ఒక పక్కన తెల్లవీ నల్లవీ చారలు వరసగా పేర్చినట్టున్న మచ్చ కనిపిస్తుంది. దీన్ని లెర్మిట్-డ్యూక్లో జబ్బు అంటారు. పెద్దవారిలో ఇది కనిపించిందంటే, వంశపారంపర్యంగా వచ్చి, పలు అవయవాల్లో గడ్డలకు, క్యాన్సర్లకు దారితీసే కౌడెన్ సిండ్రోమ్ ఉందేమోనని వెతకవలసిందే. ఆ వెతుకులాట మెదడు స్కానింగులో సాగేది కాదు. రోగి ముఖాన్ని, నోటిని, గొంతును, ఆపైన రోగి రక్తసంబంధీకుల ఆస్పత్రి కాగితాలను చూడాలి. సరిహద్దు జిల్లాల్లో జారిపోయేది సరిగ్గా ఈ రెండో భాగమే.

ఫ్రాన్సులో లెర్మిట్, డ్యూక్లో అనే ఇద్దరు వైద్యులు ఈ మచ్చను 1920లో వర్ణించారు. కౌడెన్ సిండ్రోమ్ 1963లో వేరే దారిన వైద్య సాహిత్యంలోకి వచ్చింది. ముఖం మీద, నోట్లో బుడిపెలు, థైరాయిడ్, రొమ్ము గడ్డలు ఉన్న ఒక రోగిని వర్ణించిన లాయిడ్, డెన్నిస్ ఆమె ఇంటిపేరునే సిండ్రోముకు పెట్టారు. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉంటాయని స్పష్టంగా గుర్తించింది 1991 ప్రాంతంలోనే. అంటే మెదడు వైద్యులు మెదడును, చర్మ వైద్యులు చర్మాన్ని చూస్తూ దాదాపు డెబ్బయి ఏళ్లు గడిపారు. పదో క్రోమోజోము మీద ఉన్న పీటెన్ అనే జన్యువులోని లోపమే కౌడెన్‌కు కారణమని 1997లో తేలింది. ఇంత తెలిసిన తర్వాత కూడా ఒక్కో ఆస్పత్రిలో ఆ పాత విభజనే మళ్లీ జరుగుతుంటుంది. రోగిని న్యూరోసర్జరీ విభాగం ఆపరేషన్ చేసి ఇంటికి పంపిస్తుంది, గొంతు దగ్గరి వాపు గురించి ఎవరూ అడగరు.

చిన్నమెదడు పైభాగం సన్నని మడతలుగా ఉంటుంది. ఒక్కో మడతలో బయట కణాలు పలచగా ఉండే పొర, దాని కింద ఒకే వరసలో పెద్ద పర్కింజీ కణాలు, ఆ లోపల అతి చిన్న కణాలు కిక్కిరిసిన కణికా పొర ఉంటాయి. లెర్మిట్-డ్యూక్లో జబ్బులో ఆ చిన్న కణాల స్థానాన్ని పెద్ద పెద్ద నాడీకణాలు ఆక్రమిస్తాయి. పర్కింజీ వరస పలచబడుతుంది, ఒక్కోచోట కనిపించకుండానే పోతుంది. మామూలుగా తెల్ల తొడుగు లేని పై పొరలో తొడుగున్న నాడీతంతువులు అసహజంగా పెరుగుతాయి, లోపలి తెల్ల పదార్థం తగ్గిపోతుంది. ఇంత జరిగినా మడతల రూపం చెరిగిపోదు, ఒక్కో మడత లావెక్కుతుందంతే. స్కానింగులో చారలు కనిపించడానికి మూలం ఇదే. దీన్ని కణితి అనాలా, పుట్టుకతో ఏర్పడిన అమరిక దోషం అనాలా అన్న చర్చ ఇంకా తీరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మాత్రం దీన్ని ఒకటో గ్రేడు కణితుల్లో చేర్చింది. పీటెన్ ప్రొటీను కణం పెరుగుదలకు కళ్లెం వంటిది. అది పనిచేయకపోతే ఏకేటీ, ఎంటార్ అనే సంకేత మార్గం అదుపు తప్పి కణాలు ఉబ్బుతాయి. అందుకే ఇక్కడి కణాలు విపరీతంగా విభజన చెందవు, పరిమాణంలోనే పెద్దవవుతాయి. జబ్బు ఏళ్ల తరబడి మెల్లగా సాగడానికి కారణమిదే.

లక్షణాలు సాధారణంగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య బయటపడతాయి, అయితే పసివారిలోనూ వృద్ధుల్లోనూ కూడా నమోదయ్యాయి. మెదడులో నీరు నిండి ఉండే గదులను జఠరికలు అంటారు. మచ్చ పెరిగి నాలుగో జఠరికను నొక్కినప్పుడు మెదడు నీరు కిందికి దిగే దారి మూసుకుపోతుంది. తలలో ఒత్తిడి పెరిగి, పడుకుని లేచినప్పుడు తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, వస్తువులు రెండుగా కనిపించడం మొదలవుతాయి. చిన్నమెదడు తన వైపు శరీరాన్నే నియంత్రిస్తుంది కాబట్టి కుడి భాగంలో మచ్చ ఉంటే తడబాటు కుడి చేతిలో, కుడి కాలిలోనే కనిపిస్తుంది. దీన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. వేలితో తన ముక్కును, ఎదుటివారి వేలిని మార్చి మార్చి తాకమనడం, ఒక పాదం మడమకు మరో పాదం బొటనవేలు ఆనించి సరళ రేఖలో నడవమనడం, కళ్ల గుడ్లు పక్కకు తిప్పినప్పుడు అదురుతున్నాయేమో చూడడం, కంటి పరికరంతో దృష్టి నరం వాచిందేమో చూడడం, ఇవన్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయదగినవి. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి కొండల్లో జ్వరం, తలనొప్పి అనగానే మలేరియా, క్షయ మెనింజైటిస్ గుర్తుకు రావడం న్యాయమే. కాని జ్వరం లేకుండా నెలల తరబడి పెరుగుతున్న తలనొప్పి, తూలుడు ఉంటే, దృష్టి నరం చూడకుండా, తల స్కానింగ్ తీయకుండా వెన్నులోంచి నీరు తీయడం ప్రాణానికే ముప్పు. చిన్నమెదడు వైపు ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు కింద నీరు తీస్తే మెదడు భాగం కపాల రంధ్రంలోకి జారి శ్వాస ఆగిపోవచ్చు.

జిల్లా స్థాయిలో ముందుగా దొరికేది సీటీ స్కాన్. చిన్నమెదడు చుట్టూ మందపాటి ఎముకలుండడం వల్ల సీటీలో ఆ ప్రాంతం గీతలు గీతలుగా మసకబారుతుంది. లెర్మిట్-డ్యూక్లో మచ్చ కాస్త తక్కువ సాంద్రతతోనో, చుట్టూ ఉన్న మెదడుతో సమానంగానో కనిపించి తప్పించుకుంటుంది. కొన్నిసార్లు సున్నపు చుక్కలుంటాయి. సీటీలో జఠరికలు ఉబ్బి, కారణం మాత్రం కనిపించకపోతే నార్మల్ అని రాయడం కంటే ఎంఆర్ఐ అవసరమని రాయడం రోగికి ఎంతో మేలు చేస్తుంది. ఎంఆర్ఐలో టీ1, టీ2 అని రెండు రకాల చిత్రాలుంటాయి. టీ2 చిత్రాల మీద మచ్చ తెల్లగా వెలుగుతుంది. ఆ తెలుపు మధ్య మామూలు మెదడు రంగులోనే ఉన్న సన్నని పట్టీలు సమాంతరంగా సాగుతాయి. టీ1లో ఇదే వరస తిరగబడి మచ్చ నల్లగా కనిపిస్తుంది. రేడియాలజిస్టులు పులి చారలు అని పిలిచేది ఈ రూపాన్నే. చారలు చిన్నమెదడు మడతల దిశలోనే నడుస్తాయి, సాధారణంగా ఒక అర్ధగోళానికే పరిమితమవుతాయి. కాంట్రాస్టు మందు ఎక్కించినా మచ్చ చాలావరకు వెలగదు. వెలిగిన కేసుల్లో అది మడతల మధ్య అసహజంగా ఉన్న సిరల వల్లేనని భావిస్తున్నారు. ఇక్కడ స్థానికంగా ఒక జాగ్రత్త అవసరం. ఉద్దానం వైపు చుట్టరికాలు, పొలాలు ఉన్న కుటుంబాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు కనిపించడం కొత్త కాదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి గాడోలినియం కాంట్రాస్టు ఇవ్వడంలో ఆచితూచి వ్యవహరించాలి కాబట్టి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా ఆ మందు ఎక్కించకూడదు. అదృష్టవశాత్తూ ఈ జబ్బును పట్టిచ్చే చారలు కాంట్రాస్టు లేని టీ2 చిత్రాల్లోనే ఉంటాయి.

అయితే చారలున్న ప్రతిదీ ఇదే కాదు. పెద్దవారిలో చిన్నమెదడు పక్క భాగంలో వచ్చే ఒక రకం మెడుల్లోబ్లాస్టోమా ఒక్కోసారి మడతల ఆకారాన్నే అనుకరిస్తుంది. అది క్యాన్సరు, రేడియేషన్ అవసరమైనది. ఈ రెంటినీ తారుమారు చేస్తే ఒక పక్క అక్కర్లేని రేడియేషన్, మరో పక్క ప్రాణాంతకమైన ఆలస్యం. మెడుల్లోబ్లాస్టోమాలో కణాలు దట్టంగా ఉండడం వల్ల డిఫ్యూజన్ అనే ఎంఆర్ఐ చిత్రంలో నీటి కదలిక బాగా తగ్గినట్టు కనిపిస్తుంది, కాంట్రాస్టుతో చాలావరకు వెలుగుతుంది, వారాల్లోనే లక్షణాలు ముదురుతాయి. లెర్మిట్-డ్యూక్లో మచ్చ డిఫ్యూజన్ చిత్రంలో తెల్లగా కనిపించినా, నీటి కదలికను కొలిచి చూపే ఏడీసీ పటం పక్కనే ఉంటుంది, అందులో ఆ కదలిక నిజంగా తగ్గినట్టు ఉండదు. ఆ పటం చూడకుండా డిఫ్యూజన్ ఒక్కటి చూసి పక్షవాతమనుకోవడం జరగని పని కాదు. చిన్నమెదడు పక్షవాతం గంటల్లో వస్తుంది, రక్తనాళం సరఫరా చేసే మేర హద్దు కడుతుంది, కొన్ని వారాల తర్వాత తీసిన స్కానులో రూపు మారిపోతుంది. క్షయ గడ్డ కాంట్రాస్టుతో ఉంగరంలా వెలుగుతుంది, చుట్టూ వాపు ఉంటుంది. క్షయ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ముందుగా క్షయ మందులు మొదలుపెట్టి చూడడం వాడుకలో ఉంది. ఉంగరం లేని, వాపు లేని, చారలున్న మచ్చకు ఆ పద్ధతి పనికిరాదు. నెలలు గడిచిపోతాయి, మందులకు కాలేయం కూడా దెబ్బతినవచ్చు.

ఖరీదైన పరీక్షలు ఈ జబ్బులో దారి చూపడానికి బదులు తప్పుదారి పట్టించే సందర్భాలున్నాయి. పెట్ స్కానులో ఈ మచ్చ గ్లూకోజును బాగా లాక్కుని క్యాన్సరులా మెరుస్తుంది, రక్తప్రసరణ చిత్రాల్లోనూ రక్తం ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ రెండు రిపోర్టులూ ముందు పెట్టుకుంటే హై గ్రేడు కణితి అన్న మాట సులభంగా వచ్చేస్తుంది. మచ్చలోని రసాయనాలను ఎంఆర్ఐ యంత్రంతోనే కొలిచే స్పెక్ట్రోస్కోపీ ఇక్కడ కొంత నమ్మదగిన సాక్షి. లాక్టేట్ ఎక్కువగా, నాడీకణాల గుర్తు అయిన ఎన్ఏఏ కొంత తక్కువగా ఉన్నా, వేగంగా పెరిగే కణితుల్లో పైకి లేచే కోలిన్ ఇందులో సాధారణంగా పెరగదు. చిత్రం అంత స్పష్టంగా ఉన్నప్పుడు నిర్ధారణ కోసమే ముక్క తీయనక్కర్లేదన్న అభిప్రాయం బలపడింది. అనుమానం మిగిలితే, లేదా ఒత్తిడి తగ్గించడానికి ఎలాగూ ఆపరేషన్ చేయవలసి వస్తే ముక్క పరీక్ష జరుగుతుంది. సూదితో తీసిన చిన్న ముక్కలో పెద్ద నాడీకణాలు మాత్రమే కనిపిస్తే దాన్ని వేరే రకం నాడీకణ కణితిగా చదివే వీలుంది. మడతల అమరిక కనిపించేంత ముక్క, దానితోపాటు ఎంఆర్ఐ ఫిల్ము, రెండూ పాథాలజిస్టు బల్ల మీద ఉండాలి. పీటెన్ ప్రొటీను ఉందో లేదో చూపే రంగు పరీక్షలో ఆ పెద్ద కణాలు రంగు పట్టకపోతే జన్యువు వైపు అనుమానం గట్టిపడుతుంది.

చిత్రంలో చారలు తేలగానే డాక్టరు చేయవలసిన పని రోగి వైపు తిరిగి మళ్లీ మొదటి నుంచి చూడడం. కౌడెన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఎక్కువమందికి తల పెద్దదిగా ఉంటుంది. స్త్రీలలో తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు, పురుషులలో 60 దాటితే అది లెక్కలోకి వస్తుంది. దర్జీ టేపుతో నిమిషంలో కొలవవచ్చు, అయినా పెద్దవారి తల కొలవడం ఓపీలో ఎక్కడా కనిపించదు. ముక్కు, కళ్లు, చెవుల చుట్టూ చర్మం రంగులోనే ఉండే చిన్న చిన్న బుడిపెలను ఇంట్లోవాళ్లు పులిపిర్లు అంటారు, సున్నం పెట్టి కాల్చుకున్నవారూ ఉంటారు. చర్మ వైద్యుడు ఒక బుడిపెను కోసి పరీక్షకు పంపితే అది వెంట్రుక కుదురు నుంచి పుట్టిన ట్రైకిలెమ్మోమా అని తేలవచ్చు. పెదవి మడిచి చిగుళ్లను, నాలుకను చూస్తే గులకరాళ్లు పరిచినట్టు బొడిపెలుంటాయి. అరచేతుల్లో, అరికాళ్లలో గరుకైన చిన్న గుంటలు, గట్టి చుక్కలు ఉండవచ్చు. సరిహద్దుకు ఇరువైపులా జీడిపిక్కల పనిచేసేవారి చేతులు పెంకు నూనెకు కాలి, తోలు ఊడి, కాయలు కాచి ఉంటాయి కాబట్టి ఈ చుక్కలు ఆ చేతుల్లో కలిసిపోతాయి. అటువంటప్పుడు పనికి అంతగా గురికాని చోట్లు, అంటే చేతి వెనక భాగం, మణికట్టు, పాదం లోపలి అంచు చూడాలి. గొంతు ముందు వాపు కూడా ఇక్కడ తేలిగ్గా దాటిపోయే గుర్తే. కొండ ప్రాంతాల్లో అయోడిన్ లోపంతో గొంతు వాచడం పాతకాలం నుంచి చూస్తున్న సంగతి కావడంతో దాన్ని జబ్బుగానే లెక్కపెట్టరు. చిన్నమెదడులో చారలున్న మనిషి గొంతు వాచి ఉంటే అల్ట్రాసౌండు తీయకుండా వదలకూడదు.

ఆ తర్వాత కుటుంబం. ఈ లోపం తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా జబ్బుకు చాలు, లోపమున్నవారి ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. తెలుగు కుటుంబాల్లో వంశపారంపర్య జబ్బు అనగానే మేనరికమే కారణమని అందరూ అనుకుంటారు, డాక్టర్లు కూడా మొదట ఆ ప్రశ్నే అడుగుతారు. రెండు పక్కల నుంచీ లోపం కలిస్తేనే వచ్చే జబ్బులకు అది సరైన ప్రశ్న. కౌడెన్‌కు మేనరికంతో పని లేదు. బయటి సంబంధం చేసుకున్నాం, కాబట్టి పిల్లలకు రాదన్న ధీమా ఇక్కడ చెల్లదు. మేనరికం చేసుకున్నారని తల్లిని తప్పుపట్టడం అంతకంటే అన్యాయం. కొందరిలో తల్లిదండ్రులిద్దరికీ లేని మార్పు కొత్తగానూ పుడుతుంది.

కుటుంబ చరిత్ర రాబట్టడం ఈ జిల్లాల్లో నిజంగానే కష్టం. అక్క పర్లాకిమిడిలో, చెల్లెలు పాతపట్నంలో, మేనత్త పార్వతీపురంలో, పెదనాన్న జయపురంలో ఉంటారు. ఒకరి కాగితాలు ఒడియాలో, ఒకరివి తెలుగులో ఉంటాయి. ఒక ఆస్పత్రి రికార్డు మరో రాష్ట్రంలోని ఆస్పత్రికి తెలియదు. రొమ్ము ఆపరేషన్ జరిగిన మేనత్త గురించి చెబితే ఆడపిల్లల సంబంధాలకు అడ్డమని ఇంట్లో మాట దాచేస్తారు. గర్భసంచి సంగతి మరింత చిక్కు. చిన్న వయసులోనే గర్భసంచి తీసివేయడం ఆంధ్ర ప్రాంతంలో దేశంలోకెల్లా ఎక్కువగా జరుగుతోందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపించాయి. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపారా, గడ్డలున్నాయా, క్యాన్సరు ఉందా అన్నది చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు. కౌడెన్‌లో గర్భాశయ గడ్డలు, గర్భాశయ లోపొర క్యాన్సరు ముఖ్యమైన గుర్తులు కాబట్టి, తీసేశారన్న ఒక్క మాట దగ్గర ఆగకూడదు. ఎందుకు తీశారు, ఎన్నో ఏట తీశారు, రిపోర్టు ఎక్కడుందని అడగాలి. ఈ ప్రశ్నలు రోగి పక్కన మగవాళ్లుండగా అడిగితే జవాబులు రావు. పెద్దమ్మనో, అత్తనో, ఇంట్లో అందరి సంగతులు తెలిసిన మరొకరినో విడిగా కూర్చోబెట్టి తెలుగులో అడిగితే పావుగంటలో వంశవృక్షం కాగితం మీదికి వస్తుంది.

జన్యు పరీక్షకు కొద్దిపాటి రక్తం చాలు, నమూనా హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్తుంది, రోగి వెళ్లనక్కర్లేదు. పీటెన్ జన్యువులోని తొమ్మిది భాగాలనూ చదవడంతోపాటు పెద్ద ముక్కలు లోపించాయేమో కూడా చూడమని రాయాలి. మొదటిది ఒక్కటే చేస్తే కొన్ని లోపాలు దొరకవు. 2003లో వెలువడిన ఒక పరిశోధన 18 మంది కణితి ముక్కలను పరీక్షించగా పెద్ద వయసులో జబ్బు మొదలైనవారందరిలో పీటెన్ మార్పు కనిపించింది, చిన్నపిల్లల్లో కనిపించలేదు. కాబట్టి పిల్లల్లో చారలు చూసి వెంటనే కుటుంబాన్నంతా భయపెట్టనక్కర్లేదు, పెద్దవారిలో చూసి ఊరుకోనూకూడదు. రక్తంలో మార్పు దొరక్కపోయినా, శరీరం మీది గుర్తులు సరిపోతే కౌడెన్ నిర్ధారణ నిలుస్తుంది.

లక్షణాలు లేని మచ్చను ఎంఆర్ఐతో గమనిస్తూ ఉండవచ్చు. ఒత్తిడి పెరిగినవారికి ఆపరేషనే దారి, నీరు నిండితే దాన్ని బయటికి మళ్లించే గొట్టం, అంటే షంటు, కూడా అవసరమవుతుంది. మచ్చకు, మామూలు మెదడుకు మధ్య స్పష్టమైన హద్దు ఉండదు కాబట్టి మొత్తం తీసేయాలన్న పట్టుదల నడకను దెబ్బతీస్తుంది. మిగిలిన భాగం మళ్లీ పెరగవచ్చు. ఎంటార్ మార్గాన్ని అడ్డుకునే సిరోలిమస్ వంటి మందులను కొద్దిమందిలో ప్రయత్నించారు, అవి ఇంకా ప్రామాణిక చికిత్స కాలేదు. ఖర్చు విషయంలో సరిహద్దు కుటుంబాలు తెలుసుకోవలసింది ఒకటుంది. ఆంధ్ర రేషన్ కార్డుతో నడిచే వైద్య పథకం ఒడిశా చిరునామా ఉన్నవారికి వర్తించదు. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో అమలులోకి వచ్చిన ఆయుష్మాన్ కార్డు మాత్రం ఇతర రాష్ట్రాల్లో ఆ పథకంలో చేరిన ఆస్పత్రుల్లోనూ చెల్లుతుంది.

ఆపరేషన్ తర్వాత నిజమైన ముప్పు మెదడులో కంటే మిగతా అవయవాల్లోనే ఎక్కువ. పీటెన్ లోపమున్న స్త్రీలలో జీవితకాలంలో రొమ్ము క్యాన్సరు ముప్పు 85 శాతం దాకా ఉండవచ్చని 2012 నాటి ఒక అంచనా, పాత అంచనాలు 25 నుంచి 50 శాతం అన్నాయి. థైరాయిడ్ క్యాన్సరు ముప్పు మూడింట ఒక వంతు దాకా ఉంటుంది. అందుకే స్త్రీలకు పాతికేళ్ల నుంచి డాక్టరు చేత రొమ్ము పరీక్ష, ముప్పై ఏళ్ల నుంచి ఏటా మామోగ్రామ్, వీలైతే ఎంఆర్ఐ సూచిస్తారు. పెద్దపేగు పరీక్ష 35 ఏళ్ల నుంచి, మూత్రపిండాల అల్ట్రాసౌండు 40 నుంచి మొదలవుతుంది. థైరాయిడ్ అల్ట్రాసౌండు మాత్రం లోపం ఉన్న పిల్లలకు ఏడేళ్ల నుంచే ఏటా చేయించాలి. ఒకరిలో మార్పు ఏదో తెలిసిన తర్వాత మిగతా కుటుంబానికి ఆ ఒక్క మార్పు కోసమే పరీక్ష చేస్తే చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది. అది తమలో లేదని తేలిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, వారి పిల్లలకు ఈ ప్రత్యేక పరీక్షలేవీ అక్కర్లేదు.